పసుపంచు చేప

మార్చి 3

జర్నల్ వాళ్ళు నా పేపర్ ఒప్పుకున్నారు. పొద్దున్నే మెయిల్ వచ్చింది. చిన్న చిన్న కరెక్షన్లు అడిగారు, అంతే. వచ్చే నెలలో అచ్చు. జూన్ ఆఖరున నా రిటైర్మెంట్. పోతూ పోతూ ఒక కొత్త చేపకి పేరు పెట్టి మరీ పోతున్నాను. మా మ్యూజియం గడప ఇంత దర్జాగా ఇంకెవరు దాటారో చెప్పమనండి.

ఆయనకి చెప్తే న్యూస్ పేపర్లోంచి తల ఎత్తకుండానే ఇది ఎన్నో చేప అని అడిగారు. నా ఉద్యోగమంత వయసున్న కాపురం మాది. ఇప్పటికీ ఆయన లెక్కలో చేపలు రెండే రకాలు. ముళ్ళు ఎక్కువున్నవి, తక్కువున్నవి.

అత్తయ్యగారు మాత్రం కూర్చోబెట్టి వివరంగా అడిగారు. చెప్పాను. అరచేతిలో ఇమిడే చేప. ఒళ్ళంతా ఇటుక ఎరుపు. తోక చివర గోటితో గీసినంత సన్నటి అంచు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అచ్చం ఇలాంటి చేపకే నేను బొమ్మ వేశాను, వర్ణన రాశాను. దాని అంచు లేత నీలం. మా వాళ్ళంతా దాన్ని నీలంచు అనే పిలుస్తారు. ఇప్పుడు మన రేవులో పడుతున్న చేపకి అంచు పసుపు. వెన్నరంగు పసుపు. మిగతాదంతా ఒకటే, అంచొక్కటే తేడా. ఆవిడ అంతా విని, అక్కచెల్లెళ్ళన్నమాట అన్నారు. పేపర్లో నేను పేజీలకి పేజీలు రాసింది కూడా అదే.

మార్చి 5

సెమినార్లో నిక్కచ్చి నన్ను నిలదీసింది.

నిక్కచ్చి అంటే రెండేళ్ళ క్రితం మా ల్యాబ్‌లో చేరిన అమ్మాయి. పీహెచ్‌డీ పూర్తి చేసి వచ్చింది. టీలో చక్కెర కూడా తూకం వేసుకునే రకం. ఆ పేరు నేనే పెట్టాను. అందరి ముందూ లేచి, మేడమ్, నాకు ఆ అంచు నీలంగానే కనిపిస్తోంది అంది. తను తీసిన ఫొటోలు తెర మీద వేసింది.

ఫొటోలని నేనేనాడూ నమ్మలేదు. కెమెరా దానికి ఇష్టమొచ్చిన రంగు చూపిస్తుంది. నీళ్ళలోంచి బయటికొచ్చిన కాసేపటికే చేప రంగు పోతుంది. స్పిరిట్ సీసాలో వేశాక అన్నీ పాలిపోయి ఒకేలా ఉంటాయి. రంగు రాయాలంటే అప్పుడే పడ్డ చేపని కంటితో చూడాలి. నేను చూశాను, చూసి రాశాను. డీఎన్ఏలో కూడా తేడా రాలేదు కదా మేడమ్ అని ఇంకో బాణం వేసింది. ఈమధ్యే విడిపోయిన జాతులకి డీఎన్ఏలో తేడా కనిపించదు, రంగులోనే కనిపిస్తుంది అన్నాను. అలాంటి చేపలు బోలెడున్నాయి కూడా. వాదన నాకు కొట్టినపిండి. ఆఖరికి, ముందు వెళ్ళి నీ కళ్ళు చూపించుకోమ్మా అన్నాను.

హాలంతా నవ్వింది. తను నవ్వలేదు.

మార్చి 6

నిక్కచ్చి ఇవాళ టీకి రాలేదు. రాకపోతే మానె.

మార్చి 11

డైరెక్టర్ పిలిచాడు. కాలేజీలో నాకు జూనియర్, ఇప్పుడు నా బాసు. నిక్కచ్చి కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతోంది, పొడిగించాలా వద్దా నువ్వే చెప్పాలి అన్నాడు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. కష్టపడే మనిషి. చదువు గట్టిది. పరిశీలన బలహీనం.

కక్షతో రాయలేదు. మా పనిలో ఆఖరి మాట కంటిదే. నీలానికీ పసుపుకీ తేడా తెలియని మనిషి చేతిలో చేపల గది ఎలా పెట్టి వెళ్ళను? ఆ గదిలో ఉన్న సీసాలు నా ఒంటి మీద పుట్టుమచ్చల్లాగా నాకు తెలుసు. నేను వెళ్ళాక అవి ఆ అమ్మాయికే వస్తాయి. అందుకే నిజం రాశాను.

మార్చి 14

కారు గేటుకి రాసుకుంది. చిన్న గీత. ఇంట్లో మాత్రం పెద్ద రాద్ధాంతం. అత్తయ్యగారు గీతని చూసి, గేటుని చూసి, నన్ను చూసి, శుక్లాలు అన్నారు. రెండు కళ్ళకీ ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆవిడ సగం కళ్ళ డాక్టరు. ఆయన ఆ పూటే నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. రెండు కళ్ళలోనూ బాగా ముదిరాయి, ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారండీ అంది. మైక్రోస్కోప్ కింద ముల్లు ముల్లూ లెక్కపెడతాను, నాకే లోటూ లేదు అన్నాను. అక్కడ వెలుతురు ఎక్కువ కాబట్టి కనిపిస్తాయి అంది. రంగులేమైనా మారినట్టు అనిపిస్తోందా అని అడిగింది. రంగుల్లో నన్ను కొట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదు అన్నాను. ఏదో రాసుకుంటూ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వచ్చే వారం కుడి కంటికి ఆపరేషన్. నెల పోయాక ఎడమ కన్ను.

మార్చి 21

కుడి కన్ను అయింది. ఎంతో సేపు పట్టలేదు. కంటి మీద ప్లాస్టిక్ డొప్ప పెట్టి పంపారు. చుక్కల మందు అత్తయ్యగారి స్వాధీనంలోకి వెళ్ళిపోయింది. తల వంచకు, గట్టిగా తుమ్మకు, ఆ పక్కకి తిరిగి పడుకోకు. ఈవిడ దగ్గర నాకంటే స్పిరిట్ సీసాలో చేపకి స్వేచ్ఛ ఎక్కువ.

మార్చి 22

డొప్ప తీశారు.

నీలం. అబ్బ, ఎంత నీలం. మా బాత్రూమ్ బకెట్ ఇంత నీలమని నాకు తెలియనే తెలియదు. మగ్గు చేత్తో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయాను. ఆయన తలుపు కొట్టి, పడిపోయావా ఏమిటి అని కంగారుపడ్డారు. బయటికొచ్చి చూస్తే ఆయన వేసుకున్నది తెల్ల చొక్కా. ఏళ్ళ తరబడి మీగడరంగు చొక్కా అనుకుంటున్నాను. మీకు మీగడరంగు చొక్కాలంటే ఇంత ఇష్టమేమిటని ఎన్నిసార్లు వెక్కిరించానో. ఆయన పాపం ప్రతిసారీ నవ్వి ఊరుకున్నారు. ఎందుకు చెప్పలేదని అడిగితే, రంగుల్లో నీతో వాదన ఎవడు పెట్టుకుంటాడు అన్నారు.

ఎడమ కన్ను ఒక్కటే తెరిస్తే గోడ మీద ఎవరో పల్చటి టీ పోసినట్టుంది. కుడి కన్ను తెరిస్తే నిన్ననే సున్నం వేసినట్టుంది. చిన్నపిల్లలా ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, ఇల్లంతా తిరిగాను. కర్టెన్లు, గిన్నెలు, కిటికీలోంచి ఆకాశం. సంతోషం పట్టలేకపోయాను.

అద్దం కూడా చూశాను. ఆ సంగతి రాయను.

మార్చి 22, సాయంత్రం

తోక అంచు.

మార్చి 23

ప్రూఫ్ వచ్చింది. చూసి వెంటనే పంపమన్నారు. పంపితే ఇక అచ్చే.

మా శాస్త్రంలో ఒక నియమం ఉంది. పద్ధతి ప్రకారం అచ్చయిన పేరు చావదు. తప్పని తేలినా సరే, అసలు పేరు పక్కన అది కూడా పుస్తకాల్లో వేలాడుతూనే ఉంటుంది, పెట్టిన వాళ్ళ పేరుతో సహా. అలాంటి పాత పేర్లు చూపించి నేను ఎంతమందికి నవ్వు తెప్పించానో. చూడండర్రా, ఈ మహానుభావుడు ఆడచేపకొక పేరు, మగచేపకొక పేరు పెట్టాడు అని చెప్పేదాన్ని. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు.

అయినా అంచు పసుపే కావచ్చు. గోడ వేరు, చేప వేరు. చూస్తే గానీ తేలదు. చూద్దామంటే దుమ్మూ నీళ్ళూ తగలకుండా ఇంట్లోనే ఉండమని డాక్టరమ్మ ఆర్డరు. అమలు చేసేది అత్తయ్యగారు.

మార్చి 25

అత్తయ్యగారు స్నానానికి వెళ్ళడం చూసి, నల్లకళ్ళద్దాలు తగిలించుకుని బయటపడ్డాను. టాక్సీ ఎక్కి తిన్నగా రేవుకి.

పడవలు అప్పుడే వచ్చాయి. వేలంపాట జోరుగా నడుస్తోంది. ముందు వరసలో ఒక బుట్ట, బుట్టలో పైనే నా చేప. ఇంకా మొప్పలు ఆడుతున్నాయి. అద్దాలు తీశాను. ఎడమ కన్ను మూశాను. నీలం. కుడి కన్ను మూశాను. పసుపు. మళ్ళీ నీలం. మళ్ళీ పసుపు. అలా ఎంతసేపు చేశానో తెలియదు. ఈలోపు వేలం వేసేవాడు ఆ బుట్ట మొత్తం నాకే కొట్టేశాడు. నేను కన్ను కొట్టినప్పుడల్లా పాట పెంచుతున్నాననుకున్నాడట.

బుట్ట పక్కన పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాను. నీలంచుని చూసి రాసింది ఇరవై ఏడేళ్ళ కన్ను. పసుపంచుని చూసి రాసింది అరవై ఏళ్ళ కన్ను. పాత వర్ణన నాకు కంఠతా వచ్చు కాబట్టి పాత బొమ్మ బయటికి తీసి చూడను కూడా లేదు. చేప ఒక్కటే. నేనే ఇద్దరిని. అదీ నేను కనిపెట్టిన కొత్త జాతి.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు గుమ్మంలోనే ఉన్నారు. తిడతారనుకున్నాను. నా మొహం చూశారు. బుట్ట చూసి, ఇన్నెందుకమ్మా అన్నారు.

మార్చి 26

ఆయన నచ్చచెప్పబోయారు. పోనీ అచ్చు కానీ, తర్వాత సవరణ వేసుకోవచ్చు కదా, నువ్వెలాగూ దిగిపోతున్నావు, అప్పుడు నిన్నడిగేదెవరు అన్నారు. నా మంచికోరే అన్నారు. ఆయన మీద ఇంతెత్తున లేచాను. లేని చేపని ఉందని రాయించుకుని దిగిపోతానా? అది ఇంకెవరైనా చేస్తే నేను ఊరుకుంటానా?

లాప్‌టాప్ తెరిచి ఎడిటర్‌కి రాశాను. ఈ చేప కొత్తది కాదు. రంగు చూడడంలో పొరపాటు పడ్డాను. పేపర్ వెనక్కి తీసుకుంటున్నాను. పంపేశాను.

తర్వాత ఏడుపొచ్చింది. కంట్లో నీళ్ళు పడకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఈ నీళ్ళ సంగతి చెప్పలేదు.

మార్చి 30

ఆఫీసు. నా బల్ల దగ్గరికి కూడా వెళ్ళకుండా ముందు నిక్కచ్చి దగ్గరికి వెళ్ళాను. అంచు నీలం, నీ కన్ను కరెక్టు, నాది శుక్లం అని నిలబడే చెప్పేశాను. హాల్లో అన్న మాట ఆ హాల్లోనే వెనక్కి తీసుకుంటాను అన్నాను. నవ్వుతుందేమో, నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నా కళ్ళలోకి చూసి, ఎప్పట్నుంచి మేడమ్ అని అడిగింది.

ఏది ఎప్పట్నుంచి అన్నాను.

శుక్లం. మీరు రాసిన రంగులు ఏ సంవత్సరం దాకా నమ్మొచ్చు అంది.

నేను ఒక్క చేప గురించే ఆలోచిస్తున్నాను. రంగు ఎలా ఉందని ఎవరడిగినా మా మ్యూజియం చూపించేది నా బొమ్మలే, నా నోట్సే. వాటిలో ఏది నీలమో ఏది పసుపో ఇప్పుడు నాకే తెలియదు.

అక్కడ్నుంచి డైరెక్టర్ గదికి. నిక్కచ్చి మీద రాసింది వెనక్కి ఇవ్వమన్నాను. కాంట్రాక్టులు తేల్చే కమిటీకి వెళ్ళిపోయింది, వెనక్కి తెచ్చే పద్ధతి లేదన్నాడు. పోనీలే, తెలివైన పిల్ల, ఇంకెక్కడైనా దొరుకుతుంది, నీ పేరెందుకు పాడుచేసుకుంటావు అన్నాడు. అయితే కమిటీకి నేనే వస్తాను అన్నాను. పిలవకుండా ఎలా వస్తావన్నాడు. కాళ్ళతో వస్తాను అన్నాను.

ఏప్రిల్ 2

నిక్కచ్చి పట్టుబట్టి నా బొమ్మలన్నీ బయటికి తీయించింది. పై అంతస్తు నడవాలో మెట్ల దగ్గర మొదలుపెట్టి కిటికీ దాకా నేల మీద వరసగా పరిచాం. మొదటి ఏడాది నుంచి నిన్నటిదాకా.

కుడి కంటితో చూసుకుంటూ నడిచాను. మొదట్లో నీలాలు నీలాలుగానే ఉన్నాయి. బాగున్నాయి కూడా. ఎంత చెయ్యి నాది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. నడవా సగం దాటాక నీలం బూడిదైంది. అక్కడ్నుంచి పసుపు, పసుపు, గోధుమ. కిటికీ దగ్గరికి వచ్చేసరికి నా చేపలన్నిటికీ కామెర్లు. ఇన్నేళ్ళలో ఎవరూ నోరెత్తలేదు. నేను ఎత్తనిస్తే కదా.

చివర నేల మీదే కూర్చున్నాను. నిక్కచ్చి కూడా పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. ఓదారిస్తే లేచి వెళ్ళిపోయేదాన్ని. అలా కూర్చోగా కూర్చోగా తట్టింది. ఎడమ కన్ను ఇంకా అలాగే ఉంది. ఆ కంటికి ఏ రంగు ఏ రంగులా కనిపిస్తుందో ఒక్కొక్కటే పరీక్షించుకుంటే, నోట్సులో నేను వెన్నరంగు అని రాసిన చోట అసలు రంగు ఏమై ఉంటుందో అంచనా కట్టొచ్చు. నిక్కచ్చికి చెప్పాను. ఆఖరి నాలుగైదేళ్ళకే పనికొస్తుంది, అంతకుముందు కన్ను ఇంత చెడి ఉండదు కదా మేడమ్ అని ముందు ఒక పుల్ల వేసింది. తర్వాత ఆ మొహం వెలిగిపోయింది. అయితే ఆ రెండో ఆపరేషన్ వాయిదా వేయించుకోండి అంది.

నన్ను కన్ను బాగుచేయించుకోవద్దన్న మనిషి ఈ లోకంలో ఆ అమ్మాయి ఒక్కతే.

ఏప్రిల్ 6

కమిటీ. పిలవకుండానే వెళ్ళాను. పాత బొమ్మ, కొత్త బొమ్మ బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

రెండూ ఒకే చేప అన్నాను. మొదటిది మంచి కంటితో వేశాను, రెండోది చెడిపోయిన కంటితో వేశాను. రెండోది తప్పని ఈ మ్యూజియంలో నా మొహం మీద చెప్పిన మనిషి ఒక్కతే. ఆ మనిషికి పరిశీలన బలహీనం అని రాసిచ్చింది ఇదిగో ఈ కన్నే అని ఎడమ కన్ను చూపించాను. డైరెక్టర్ పైన ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు. ఛైర్మన్ పెద్దమనిషి మొహమాటపడుతూ, ఇదంతా మినిట్స్‌లో రాయాలా అండీ అని అడిగాడు. రాయండి, కావాలంటే నోటీసు బోర్డుకి కూడా అంటించండి అన్నాను.

భయం వేయలేదు. నాకు తెలిసిన విషయం చెప్పడానికి నాకెప్పుడూ భయం వేయలేదు, అది నాదే తప్పన్న విషయమైనా సరే.

సాయంత్రం తేలింది. నిక్కచ్చికి మూడేళ్ళు పొడిగించారు. వచ్చి థాంక్స్ చెప్తుందనుకుంటే, రేపు ఎన్నింటికి మొదలుపెడదాం మేడమ్ అని అడిగింది.

ఏప్రిల్ 8

డాక్టరమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి తాతలు దిగొచ్చారు. ఆపరేషన్ తొందరగా చెయ్యమని గొడవపెట్టే వాళ్ళని చూశాను గానీ ఆలస్యం చెయ్యమనే వాళ్ళని చూడలేదండీ అంది. ఎడమ కన్ను డ్యూటీలో ఉందమ్మా, జూన్‌లో రిలీవ్ చేస్తాను అన్నాను. మరీ ముదరబెట్టకండి అని ఒప్పుకుంది.

ఏప్రిల్ 24

రోజూ ఇదే పని. కుడి కంటికి గంత. నిక్కచ్చి ఒక్కో రంగు చీటీ చూపిస్తుంది. ఏ రంగో అప్పట్లో నేను రాసే మాటల్లోనే చెప్పాలి. అన్నీ అయ్యాక కలిపేసి మళ్ళీ మొదటికొస్తుంది. ఒకే చీటీకి నేను రెండు పేర్లు చెప్తే ఏమీ అనదు, కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. ఇంట్లో అత్తగారు, ఆఫీసులో ఈవిడ.

ఇవాళ ఒక లేత నీలం చీటీకి రెండుసార్లూ వెన్నరంగు అన్నాను. ఇద్దరం ఒకేసారి నవ్వాం.

మే 17

తేలింది. నడవా సగం దాకా వేసిన బొమ్మలకి ఢోకా లేదు. ఆ తర్వాత నేను పేరు పెట్టిన చేపలు మూడు, మూడూ ఈ నాలుగైదేళ్ళలోవే. రెండిటికి రంగు తప్పయినా వెన్నుముళ్ళ లెక్కా పళ్ళ వరసా వేరుగా ఉన్నాయి కాబట్టి నిలబడ్డాయి. ఒకటి పడిపోయింది. అది అచ్చయిపోయిన పేరు. పసుపంచులా ఆపడానికి లేదు. తప్పని మేమే రాయాలి. నిక్కచ్చి ఆ మాట ఎలా చెప్పాలా అని నసుగుతుంటే, పడింది పడనీ, రాసెయ్ అన్నాను.

మే 18

పడిపోయిన చేపకి నేను పెట్టింది అత్తయ్యగారి పేరు. ఆవిడకి చెప్పాలి.

మే 19

చెప్పాను. ఆ చేప ఫొటో ఫ్రేము కట్టించి ఆవిడ మంచం పక్కనే పెట్టుకున్నారు, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తారు. ఫ్రేము చేతిలోకి తీసుకుని, దగ్గరగా, దూరంగా చాలాసేపు చూశారు. పోనీలేమ్మా, దీని మొహం నాకు మొదట్నుంచీ నచ్చలేదు అన్నారు. ఫ్రేము మాత్రం తీయలేదు.

జూన్ 12

మా పేపర్ పంపాం. చూసేవాళ్ళ కన్ను మారితే రంగుల నోట్సు ఎంత మారుతుందో, వెనక్కి ఎలా సరిచేసుకోవచ్చో రాశాం. ఇలాంటిది నేనెక్కడా చదవలేదు. మా పని చేసేవాళ్ళందరికీ వయసొస్తుంది కాబట్టి అందరికీ పనికొస్తుంది. నిక్కచ్చి నా పేరు ముందు పెట్టింది. తీసేసి తన పేరు ముందు పెట్టాను. సీనియర్ మీరు కదా మేడమ్ అంది. ఇది చూపు ప్రకారం వేసిన వరస అన్నాను.

జూన్ 20, ఉదయం

రేవుకి వెళ్ళొచ్చాను. ఈసారి వేలం వేసేవాడికి ముందే చెప్పాను. కుడి కన్ను చేత్తో మూసుకుని, పసుపంచు చేపని తనివితీరా చూశాను. ఎంత బాగుందో.

మధ్యాహ్నం ఎడమ కన్ను. ఆ తర్వాత ఆ చేప ఇంకే సముద్రంలోనూ ఉండదు.